మీ ప్రశ్న – మా జవాబు: వస్తువు చెడితే కంపెనీ ఏమంటుంది, మనం ఏం వినాలి?

ఈ నెల చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే తీరుగా ఉన్నాయి. కొన్న వస్తువులో లోపం బయటపడింది, కంపెనీ ఏదో ప్రకటన ఇచ్చింది, దాన్నిబట్టి ఏం చేయాలో తెలియలేదు. వాటినే ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా మిక్సీ కంపెనీ ఇంగ్లిష్ పేపర్లో చిన్న ప్రకటన వేసింది. ‘కొద్ది సంఖ్యలో యూనిట్లలో ఒక భాగం ఆశించిన విధంగా పనిచేయకపోవచ్చు. ముందుజాగ్రత్తగా, స్వచ్ఛందంగా ఉచిత తనిఖీ చేపడుతున్నాం’ అని మా అబ్బాయి చదివి చెప్పాడు. షాక్ కొడుతుందా, కాలిపోతుందా అన్నది అందులో లేదు. వాడొచ్చా, మానాలా?
– గృహిణి, పెరంబూరు

జవాబు: తనిఖీ అయ్యేదాకా వాడకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకి పక్కన పెట్టండి.

‘ఆశించిన విధంగా పనిచేయకపోవచ్చు’ అన్న మాట మీద లాయరు చెయ్యి పడింది. ఇంజనీరు రాసి ఉంటే ఆ భాగం పేరు చెప్పేవాడు. ‘స్వచ్ఛందంగా’ అంటే ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వకముందే మేమే ముందుకొచ్చాం అని. ‘కొద్ది సంఖ్యలో’ అంటే అంకె చెప్పం అని. అన్నిటికన్నా నిదానంగా చదవాల్సిన మాట ‘ఉచిత తనిఖీ’. తనిఖీ వేరు, మార్చి ఇవ్వడం వేరు. తనిఖీ అన్నప్పుడు చూసి, ‘మీది బాగానే ఉందమ్మా’ అని తిప్పి పంపినా వాళ్లు మాట తప్పినట్టు కాదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ముందు ఒక్కటే అడగండి: లోపం ఏ భాగంలో? ప్రమాదం ఎంతో దాన్నిబట్టే తేలుతుంది. జార్ కింద ఉండే కప్లర్ అయితే పళ్లు అరిగి బ్లేడు తిరగదు, అంతకుమించి ఏమీ కాదు. స్పీడు మార్చే నాబ్ వెనకాల స్విచ్ అయితే లోపలి కాంటాక్టులు కాలి వాసన, పొగ వస్తాయి. కరెంటు వైరు బాడీలోకి దూరేచోట ఇన్సులేషన్ చెడితే షాక్ కొట్టే ప్రమాదం. స్టీలు జార్ ముట్టుకుంటే ఎప్పుడైనా జిల్లుమన్నట్టు అనిపించిందా? అయితే అది ఫోన్లో తప్పకుండా చెప్పండి. కొన్ని మోడళ్లలో జార్ సరిగా కూర్చోకపోతే మోటారు తిరగనివ్వని లాక్ ఉంటుంది. అది పోతే వేళ్లకే గండం. అడుగున ఉండే ఎర్ర బటన్ పదేపదే ఎగరడాన్ని మాత్రం దీంతో కలపకండి. పిండి ఎక్కువ వేసి ఆపకుండా తిప్పినా అది ఎగురుతుంది, అందుకోసమే పెట్టారు దాన్ని.

తర్వాత మిక్సీ బోర్లించి అడుగున ఉన్న స్టిక్కర్‌ను ఫోటో తీయండి. మోడల్, సీరియల్ నంబరు, తయారైన నెల, సంవత్సరం అక్కడే ఉంటాయి. నూనె చేతులు తగిలి అక్షరాలు చెరిగిపోతే వారంటీ కార్డు మీదో, అట్టపెట్టె పక్కనో అదే నంబరు ఉంటుంది. సర్వీస్ సెంటర్లో ఇచ్చేటప్పుడు జార్లు ఇవ్వకండి, అడిగితే తప్ప. రసీదు మీద సీరియల్ నంబరు, ‘కంపెనీ ప్రకటన ప్రకారం’ అన్న మాట రాయించుకోండి. ఆ మాట లేకపోతే కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి మీది మామూలు రిపేరు. వారంటీ దాటిందని సర్వీస్ చార్జీ వేస్తాడు, వాడి తప్పు కూడా కాదు.

సరైన ప్రకటన ఎలా ఉంటుందో తెలియాలంటే 2007 ఆగస్టులో నోకియా ఇచ్చినది గుర్తు చేసుకోవాలి. అప్పటికి మన శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ నడుస్తోంది, ఇంటింటా ఆ ఫోన్లే. బీఎల్-5సీ అన్న బ్యాటరీ, మత్సుషితా కంపెనీ తయారీ, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు వరకు చేసినవి, మొత్తం 4 కోట్ల 60 లక్షలు. చార్జింగ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి వేడెక్కవచ్చు. అప్పటికి ప్రపంచమంతా కలిపి 100 దాకా ఘటనలు. బ్యాటరీ వెనక ఉన్న 26 అక్షరాల నంబరును వెబ్‌సైట్లో కొడితే మీది ఆ జాబితాలో ఉందో లేదో చెప్పేది, ఉంటే ఉచితంగా కొత్తది. అంత వివరంగా చెప్పినా మన దేశంలో ‘ఫోన్లు బాంబుల్లా పేలుతున్నాయి’ అని ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి, అది వేరే సంగతి. ఎవరి బ్యాటరీ, ఎప్పటిది, ఏమవుతుంది, ఇప్పుడేం చేయాలి అన్న నాలుగూ అందులో ఉన్నాయి. మీ మిక్సీ ప్రకటనలో నాలుగో దాంట్లో సగమే ఉంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2021 మోడల్ బుల్లెట్ కొన్నాను. ఆ ఏడు బళ్లను కంపెనీ వెనక్కి పిలిచిందని మెకానిక్ అన్నాడు. నాకు ఏ మెసేజీ రాలేదు. నాకు వర్తిస్తుందా?
– ప్రైవేటు ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: పిలిచిన నెలల్లో తయారైనదైతే వర్తిస్తుంది. రీకాల్ బండితో పాటు వస్తుంది, ఓనరుతో కాదు. మీకు మెసేజీ రాకపోవడానికి కారణం చిన్నదే: కంపెనీ దగ్గర ఉన్నది మొదటి ఓనరు ఫోన్ నంబరు.

2021 మేలో మన చెన్నై కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బళ్లను వెనక్కి పిలిచింది. మీటియర్, క్లాసిక్, బుల్లెట్ మోడళ్లు, 2020 డిసెంబరు – 2021 ఏప్రిల్ మధ్య తయారైనవి. లోపం ఇగ్నిషన్ కాయిల్‌లో. బండి తడబడుతుంది, లాగదు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చని కంపెనీయే చెప్పింది. అన్ని బళ్లనూ చూస్తాం కానీ కాయిల్ మార్చాల్సి వచ్చేది 10 శాతం లోపే అనీ అంచనా చెప్పింది. సంఖ్య, నెలలు, భాగం, లక్షణం, అంచనా అన్నీ చెప్పారు కాబట్టి పాఠకుడికి పని సులువైంది.

ఆర్సీలో తయారీ నెల చూసుకుని, 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో ఏదైనా అధికారిక సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. పాత రికార్డులో ‘తనిఖీ పూర్తయింది’ అని ఉంటే ఆ తేదీ, ఆ రోజు కాయిల్ మార్చారా లేదా అన్నది ప్రింట్ అడగండి. చేసి ఉండకపోతే చేయించుకుని జాబ్ కార్డు మీద మూడు విషయాలు రాయించండి: రీకాల్ పని అని, కొత్త కాయిల్ పార్టు నంబరు, మొత్తం సున్నా. మీ ఫోన్ నంబరును బండికి కట్టించడం మరిచిపోవద్దు, రేపు ఇంకో రీకాల్ వస్తే మెసేజీ మీకే రావాలి.

వాహనాలకు చట్టం కూడా ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ కింద లోపమున్న బళ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం తయారై 7 ఏళ్లు దాటని వాహనాలకు ఇది వర్తిస్తుంది.

ప్రశ్న: మా ఎలక్ట్రిక్ వాహనంలో బ్యాటరీ సమస్యకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందని కంపెనీ ప్రకటించింది. నమ్మొచ్చా?
– పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: సగమే. బ్యాటరీ సెల్ లోపల ఉన్న లోపాన్ని సరిచేయడం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. వోల్టేజీ తేడాలను ముందే పసిగట్టి హెచ్చరించగలదు, చార్జింగ్‌ను 80, 90 శాతం దగ్గర ఆపగలదు. అది పొయ్యి మంట తగ్గించడం లాంటిది, గిన్నెకున్న చిల్లు పూడ్చడం కాదు.

హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ విషయంలో జరిగింది ఇదే. 2020లో కొరియాలో ముందు బ్యాటరీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ మార్చారు, తేడా కనబడిన బళ్లకే బ్యాటరీ మార్చారు. 2021 జనవరిలో అలా రీకాల్ పని చేయించుకున్న కారే ఒకటి అంటుకుంది. ఫిబ్రవరికల్లా దాదాపు 82,000 వాహనాలకు బ్యాటరీలు మారుస్తామని చెప్పాల్సి వచ్చింది. సెల్ లోపల నెగెటివ్ ట్యాబ్ (కరెంటు బయటికి తెచ్చే రేకు) మడతపడటం కారణం కావచ్చన్నది దర్యాప్తులో తేలిన విషయం. మన దేశంలో 2020 డిసెంబరులో పిలిచిన కోనాలు 456.

కాబట్టి కంపెనీని అడగాల్సింది: అప్‌డేట్ తర్వాత బండి వెళ్లే దూరం తగ్గుతుందా? తగ్గితే కొన్నప్పుడు చెప్పిన దూరానికి సమాధానం ఏమిటి? అప్‌డేట్‌లో తేడా కనబడితే బ్యాటరీ మారుస్తారా, ఎన్ని రోజుల్లో? ఈ జవాబులు ఈమెయిల్లో తీసుకోండి. ఈలోగా బండిని ఫ్లాట్ లోపల గానీ, మెట్ల కింద గానీ, రాత్రంతా చార్జింగ్‌లో గానీ పెట్టకండి.

ప్రశ్న: పవర్ బ్యాంక్ ఉబ్బింది. ఫోటో తీసి కంపెనీ పేజీలో పెడితే ‘చింతిస్తున్నాం, వివరాలు మెసేజ్ చేయండి’ అన్నారు. అరగంటలో వేరే ఎవరో ఫోన్ చేసి రిఫండ్ ఇస్తామని ఓ లింకు పంపారు. ఏది నిజం?
– కాలేజీ విద్యార్థిని, తాంబరం

జవాబు: రెండోది మోసం. లింకు తెరవకండి, తెరిచి ఉంటే బ్యాంకుకూ 1930కీ వెంటనే ఫోన్ చేయండి. ఫిర్యాదు పోస్టుల కింద ఇలాంటివాళ్లు కాచుకుని ఉంటారు. కంపెనీ బొమ్మ, పేరులో ఒక అక్షరం తేడా, ‘10 రూపాయలు కట్టి రిజిస్టర్ చేసుకోండి’, లేదా మీ స్క్రీన్ వాళ్లకు కనబడే యాప్ వేసుకోండి – ఇదీ వాళ్ల పద్ధతి. మీ పోస్టులో ఫోన్ నంబరు ఉంటే ఇప్పుడే తీసేయండి.

కంపెనీ మెసేజ్‌లోకి రమ్మనడానికి రెండు కారణాలు. మీ నంబరు, చిరునామా నలుగురిలో పడకూడదు, అది సబబే. గొడవ నలుగురి కంటికి దూరంగా వెళ్లాలి, అది వాళ్ల లాభం. మీరు వెళ్లండి, కానీ ఫిర్యాదు నంబరు రాగానే దాన్ని అదే పోస్టు కింద రాయండి: ‘ఫిర్యాదు నంబరు ఇచ్చారు, 7 రోజుల గడువు చెప్పారు’ అని. సంభాషణ మూల పడకుండా ఈ ఒక్క వాక్యం కాపలా కాస్తుంది.

ఉబ్బిన పవర్ బ్యాంక్‌ను చార్జ్ చేయకండి, వాడి ఖాళీ చేద్దామనీ చూడకండి, నొక్కకండి, గుచ్చకండి. ఎండ తగలని చోట, బట్టలకూ కాగితాలకూ దూరంగా, గచ్చు మీద పెట్టండి. లోపలి రసాయనాలు చెడి గ్యాస్ చేరడం వల్ల అది ఉబ్బింది, చిన్న గాటు పడినా అంటుకోవచ్చు. కొరియర్ చేయమంటే ఒప్పుకోకండి, సర్వీస్ సెంటర్లో చేతికిచ్చి రసీదు తీసుకోండి. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ‘సెల్ మార్చి ఇస్తాం’ అంటారు. దీనికి మాత్రం వద్దు.

మార్చి ఇచ్చిన దాన్నీ మొదటి నెల కనిపెట్టి ఉండండి. శాంసంగ్ నోట్ 7కు 2016లో జరిగింది చూడండి. సెప్టెంబరులో 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచి, వేరే కంపెనీ బ్యాటరీతో మార్చి ఇచ్చారు. అవీ కాలాయి. అక్టోబరులో ఆ మోడలే ఆపేశారు. 2017 జనవరిలో సియోల్‌లో బొమ్మలు వేసి మరీ వివరించారు: మొదటి బ్యాటరీలో మూల ఇరుకై నెగెటివ్ ఎలక్ట్రోడ్ వంగింది, రెండో దాంట్లో వెల్డింగ్ దగ్గర మిగిలిన పొక్కు మధ్య పొరను చీల్చింది. రెండు వేర్వేరు లోపాలు, ఒకే ఫలితం. కారణం తేలకముందే హడావిడిగా మార్చి ఇచ్చినందుకు పడిన శిక్ష అది. అయితే చివరికి ఇచ్చిన వివరణ అంత విడమరిచి చెప్పినది ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో అరుదు.

ప్రశ్న: అశోక్ నగర్‌లో ఇంటి నుంచే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాం. పోయిన నెల ఒకే రోజు పెట్టిన గోంగూర పచ్చడి సీసాల్లో 6 తిరిగొచ్చాయి, మూత కింద తెల్లటి బూజు. ఆ రోజువి మొత్తం 140 సీసాలు. వాట్సాప్ గ్రూపులో ‘కొందరికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని పెడదామనుకుంటున్నాం. పేరు పోతుందని భయం.
– చిన్న వ్యాపారి

జవాబు: ఆ వాక్యం పెట్టకండమ్మా. అది చదివినా, ఆ రోజు సీసాలు కొన్నవాళ్లకు తమ సీసా సంగతి తెలియదు. మిగతా కొనుగోలుదారులకు మాత్రం మీ పచ్చళ్లన్నిటి మీదా అనుమానం వస్తుంది. రెండు విధాలా నష్టం.

ముందు లెక్క. 140లో మీ దగ్గర ఎన్ని మిగిలాయి, దుకాణాలకు ఎన్ని, ఇళ్లకు ఎన్ని, హైదరాబాదు పార్సిళ్లలో ఎన్ని? ఫోన్ నంబర్లతో కాగితం మీద రాయండి. మీ దగ్గర మిగిలిన సీసాల్లో సీలు తీయనివి ఓ అయిదు తెరిచి చూడండి. వాటిలోనూ బూజు ఉంటే తప్పు మీ వంటింటిది. లేకపోతేనే కొన్నవాళ్ల తడి గరిటె సంగతి ఆలోచించాలి. అప్పుడైనా ప్రకటనలో ఆ మాట అనొద్దు. 2003లో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనబడినప్పుడు కంపెనీ మొదట దుకాణాల్లో నిల్వ సరిగా లేదంది. జనం వినలేదు. కొన్ని నెలల్లో వేడితో అతికించిన రేకు చుట్టి, దానిపైన ప్లాస్టిక్ కవరు వేసి, ప్యాకింగే మార్చాల్సి వచ్చింది. మొదటే మార్చి ఉంటే ఆ మాట పడేవాళ్లు కాదు.

మూత కిందే బూజు వచ్చిందంటే కారణం చాలావరకు తెలిసిపోతోంది. పచ్చడి వేడిగా ఉండగానే మూత బిగించారు. ఆవిరి మూతకు తగిలి నీటి బొట్లయి, అవి నూనె మీద పడ్డాయి. బూజుకు ఆ చుక్క చాలు. ఆకు కడిగి బట్ట మీద పూర్తిగా ఆరకముందే వేయించడం, సీసాలు కడిగి ఎండలో తడి ఆరనివ్వకపోవడం, పచ్చడి పైన అర అంగుళం నూనె తేలకపోవడం – వీటిని కూడా చూసుకోండి. పై బూజు తీసేసి తినొచ్చని ఎవరికీ చెప్పకండి. కంటికి కనబడని పోగులు లోపలికి దిగి ఉంటాయి.

ఇక ప్రకటన. ఇలా ఉంటే చాలు:

‘మార్చి 11న చేసిన గోంగూర పచ్చడి, 300 గ్రాముల సీసా, లేబుల్ మీద బ్యాచ్ జి-27. ఈ సీసాలు మీ దగ్గర ఉంటే తినకండి, తెరిచి ఉన్నా లేకున్నా. 6 సీసాల్లో మూత కింద బూజు వచ్చింది. చల్లారకముందే మూత పెట్టడం మా పొరపాటు. లేబుల్ ఫోటో పంపితే పూర్తి డబ్బు ఆ రోజే వెనక్కి వేస్తాం, సీసా తిరిగి ఇవ్వనక్కర్లేదు. వేరే బ్యాచ్‌లకు, వేరే పచ్చళ్లకు ఇది వర్తించదు. ఎవరికైనా కడుపు బాగోలేకపోతే డాక్టరును చూడండి, మాకూ చెప్పండి.’

చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది. ఉంచండి. ‘వేరే బ్యాచ్‌లకు వర్తించదు’ అన్నది మాత్రం మార్చి 10న, 12న చేసినవి కూడా తెరిచి చూశాకే రాయండి. మళ్లీ మార్చుకోవాల్సి వస్తే ఇక మీ మాట ఎవరూ నమ్మరు. గ్రూపులో పెట్టి ఊరుకోకుండా ఆ సీసాలు కొన్నవాళ్లందరికీ విడివిడిగా పంపండి, పెద్దవాళ్లకు ఫోన్ చేయండి. ఆహార భద్రతా అధికారికి కూడా మీరే ముందు తెలియజేయండి. 2017 నాటి ఆహార రీకాల్ నిబంధనల ప్రకారం తయారీదారు దగ్గర రీకాల్ ప్లాన్, ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లిందన్న రికార్డు ఉండాలి. ఇకనుంచి ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు సీలుతో మీ దగ్గరే గడువు తేదీ దాకా ఉంచండి.

పేరు కొంత పోతుంది, నిజమే. కానీ మ్యాగీని చూడండి. 2015 జూన్ 5న నిషేధం, ఆగస్టు 13న బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది, నవంబరులో మళ్లీ అరల మీదకు వచ్చింది. కోర్టులో నెగ్గినా మధ్యలో వేల టన్నుల నూడుల్స్‌ను సిమెంటు బట్టీల్లో తగలెయ్యాల్సి వచ్చింది. అది తట్టుకోగల కంపెనీ. మీకు 140 సీసాల డబ్బు వెనక్కి ఇవ్వడమే చవక.

ప్రశ్న: బిజినెస్ కోర్సులో ఆదర్శ స్పందన అంటే టైలనాల్ అని నేర్పుతున్నారు. అంత గొప్పదా?
– ఎంబీఏ విద్యార్థి, గిండీ

జవాబు: మంచిదే, కానీ పాఠానికి సరిపోయే ఉదాహరణ కాదని మా అభిప్రాయం. 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో టైలనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సయనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించి, విప్పితే తెలిసిపోయే సీలు తెచ్చింది. అక్కడ కంపెనీ కూడా బాధితురాలే. తప్పు తనది కానప్పుడు బాగా మాట్లాడటం కొంచెం సులువు.

తప్పు తనదైనప్పుడు చూడాల్సింది 1994 నాటి ఇంటెల్ పెంటియం కంప్యూటర్ చిప్. కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు వచ్చేది. మామూలు వాడకందారుకు 27,000 ఏళ్లకొకసారి వస్తుందని కంపెనీ లెక్క కట్టింది. అవసరమని నిరూపించుకున్నవాళ్లకే చిప్ మారుస్తామంది. గణితం ప్రకారం ఆ లెక్క మరీ తప్పేం కాదు. కానీ డబ్బిచ్చి కొన్నవాడిని ‘నీకు సరైన జవాబు ఎందుకు కావాలో చెప్పు’ అని అడిగినట్టయింది. డిసెంబరు 20న అడిగినవాళ్లందరికీ మారుస్తామని దిగొచ్చింది. ఖాతాల్లో రాసుకున్న ఖర్చు 47.5 కోట్ల డాలర్లు.

ప్రశ్న: కంపెనీ బహిరంగంగా తప్పు ఒప్పుకుంటే కేసు గెలిచినట్టేనా?
– పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: కాదు. రీకాల్ ప్రకటన మంచి సాక్ష్యమే, అయితే మీ వస్తువు ఆ బ్యాచ్‌దేననీ, దాని వల్లే నష్టం జరిగిందనీ మీరు చూపాలి. మందుల విషయంలోనూ అంతే. 2025 అక్టోబరులో కోల్డ్రిఫ్ దగ్గు సిరప్ గొడవలో కాంచీపురం జిల్లా తయారీ అన్నది ఒక్కటే కాదు, ఎస్ఆర్-13 అన్న బ్యాచ్ నంబరు కీలకమైంది. సీసా పారేస్తే ఆ నంబరూ పోతుంది.

ముందు 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపుంటే అక్కడికే, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే. గడువు రెండేళ్లు. లోపం తేల్చడానికి ల్యాబ్ పరీక్ష అవసరమైతే కమిషనే వస్తువును సీలు వేసి పంపుతుంది. అందుకే కంపెనీ మనిషి ఇంటికొచ్చి ‘పాతది పట్టుకెళ్తాం, కొత్తది ఇస్తాం’ అంటే, గాయం గానీ మంట గానీ జరిగిన కేసుల్లో, పాతది ఇవ్వకండి. ఇచ్చే తీరాలంటే నాలుగు వైపులా ఫోటోలు, సీరియల్ నంబరు కనబడేలా ఒక వీడియో, తీసుకెళ్లినవాడి సంతకం, తేదీ ఉన్న కాగితం మీ దగ్గర పెట్టుకున్నాకే ఇవ్వండి.